డ్రయ్యరు ముందు మా అన్న

పోయిన ఆదివారం మా అన్న మనవరాలు ఒంగోలు నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది, నేను చదివిన ఎలక్ట్రానిక్సే. అన్నాలు తిన్నాక వసారాలో నా పక్కన చాప వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచి, కాలేజీలో చెయ్యమన్న ఆసిలేటరు సర్క్యూటు ఒకటి గీసి, అది నిలకడగా పనిచేస్తుందో లేదో కంప్యూటరులోనే నడిపి చూడబోతూ, "నాయనమ్మా, ఇక్కడ రెండు పద్ధతులు చూపిస్తున్నాడు, ఏది నొక్కమంటావు? ఏదైనా ఒకటేగా?" అని అడిగింది. నేను కళ్లజోడు సర్దుకుని ఆ రెండు పేర్లూ చదివేలోపే పిల్ల ఒకటి నొక్కేసింది. రెప్పపాటులో తెర మీద గీత వచ్చేసింది. అది ఉత్సాహంగా ల్యాప్‌టాప్ మూసేసి, మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం తేవడానికి లోపలికి పోయింది. నాకు మాత్రం, ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా, అరవై దాటిన మనిషినైనా, ఆ రెండు పేర్లు పక్కపక్కన కనిపిస్తే గుండె ఇప్పటికీ ఒక్క దెబ్బ తప్పుతుంది. ఎందుకో ఆ పిల్లకి చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు, కరెంటు కోతలూ ఎస్టీడీ బూతులూ ఎరిగినవాళ్లు, మీకు చెప్పుకోవచ్చు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. దూదేకుల వాళ్లం. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ దిళ్లకీ దూది ఏకేవాడట. నాన్న కాలానికి ఆ పని పోయింది, ఆయనా చిన్నాన్నా పేటలో జిన్నింగు మిల్లుకి వెళ్లేవాళ్లు. పత్తిలోంచి గింజ వేరు చేసి దూదిని బేళ్లు కట్టే చోటు అది. సాయంత్రం ఇద్దరూ ఇంటికొస్తే కనుబొమల మీదా మీసాల మీదా తెల్లటి నూగు, పిల్లలం ముసలాళ్లొచ్చారని ఎగతాళి చేసేవాళ్లం. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ మిల్లులో నిప్పంటుకుంది. బడి కిటికీలోంచి పొగ కనిపించింది. అమ్మ చెప్పుల్లేకుండా రోడ్డెంట పరిగెత్తడం కూడా కనిపించింది. పొద్దుగూకేవేళకి నాన్న వచ్చాడు, చిన్నాన్న రాలేదు.

దూదిలో నిప్పు మామూలు నిప్పు కాదని అప్పటినుంచీ మా ఇంట్లో అందరికీ తెలుసు. పైకి కనిపించదు. బేలు లోపల రాజుకుంటూ కూర్చుంటుంది. ఆరిపోయిందనుకుని మనుషులు దగ్గరికి వెళ్లినప్పుడు గుప్పుమంటుంది. చిన్నాన్న అలా దగ్గరికి వెళ్లినవాడే. ఆ తరవాత అమ్మ వంటయ్యాక పొయ్యిలో నీళ్లు చిలకరించి, చేత్తో తాకి చూసి గాని మంచం ఎక్కేది కాదు. నాన్న మళ్లీ మిల్లు గేటు దాటలేదు, మిరపతోటల్లో కౌలుకి దిగాడు. ఇంత జరిగినా మా అన్న పదోతరగతి తప్పగానే పోయి పోయి పేట దగ్గర స్పిన్నింగు మిల్లులోనే చేరాడు. అమ్మ అన్నం ముట్టకుండా పడుకుంది. వాడు తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, మిల్లుకి పోకపోతే ఈ ఊళ్లో ఇంకెక్కడికి పోవాలే?" అన్నాడు. నా చదువు సాగింది వాడి చెమటతోనే. వాడికి భయమంటే ఏమిటో తెలియదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. వాడి వాటా కూడా కలిపి నేనే భయపడేదాన్ని.

చదువయ్యాక నాకు గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న షాపులో ఉద్యోగం దొరికింది. షాపంటే షాపు కాదు, ఫ్యాక్టరీల ఎలక్ట్రానిక్ యంత్రాలు బాగుచేసే పని. యజమాని రేడియో ట్రాన్స్‌మిటర్ల మీద జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన, మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఆడపిల్లని మిల్లులకి పంపుతారా అని బయటివాళ్లు అడిగితే, "కరెంటుకి ఆడామగా తేడా తెలీదయ్యా" అనేవాడు. షాపులో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. ఎండాకాలమంతా టేబుల్ ఫ్యాను దాని మొహానే తిప్పి పెట్టి మేం చెమటలు కక్కేవాళ్లం. మిరపకాయల సీజనులో ఆ ఫ్యానే ఊరి ఘాటునంతా లోపలికి లాగేది. మిరపయార్డుకి పోయే లారీ ఒకటి మా సందు చివర ఆగిందంటే చాలు, షాపులో అందరం వరసపెట్టి తుమ్మేవాళ్లం.

అలాంటి ఎండాకాలంలోనే అన్న పనిచేసే మిల్లులో డ్రయ్యరు పాడైంది. డ్రయ్యరంటే పెద్ద ఇనప బీరువా అనుకోండి. రంగువేసి తడిగా ఉన్న నూలు ఉండల్ని ట్రేలో పేర్చి లోపలికి తోసి తలుపు వేస్తారు. లోపల పైనొకటీ కిందొకటీ లోహపు పలకలు. వాటి మధ్య రేడియో తరంగాలు పుట్టించగానే నూలులోని నీళ్లు లోపలినుంచే వేడెక్కి ఆవిరైపోతాయి. మంట లేదు, పొగ లేదు. ఆ తరంగాలు పుట్టించేది ఒక ఆసిలేటరు, దాని గుండెకాయ, పాత రేడియోల్లో ఉండేలాంటిదే, కూజా అంత గాజు వాల్వు. పెళ్లిపందిట్లో మైకు పట్టుకుని ఎవరైనా స్పీకరుకి ఎదురుగా నిలబడితే చెవులు చిల్లులు పడేలా ఆ మైకు కూత పెట్టడం మీరు వినే ఉంటారు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి దూరి, పెద్దదై, మళ్లీ దూరి అలా అవుతుంది. దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. ఆ కూతని మచ్చిక చేసి, ఒకే శ్రుతిలో ఒకే బలంతో ఆగకుండా సాగేలా చేస్తే ఆసిలేటరు. మచ్చిక సరిగ్గా కుదరకపోతే అదొక పిచ్చిగిత్త.

పాత వాల్వు కాలిపోయింది. ఆ రకం తయారీ ఆగిపోయిందని, దానికి దగ్గరగా ఉండే ఇంకో రకం చెన్నై నుంచి తెప్పించారు. అమ్మినవాళ్ల ఇంజనీరే వచ్చి బిగించి, ఫీడ్‌బ్యాక్ సర్క్యూటు కొంచెం మార్చి వెళ్లాడు. బాగానే నడిచింది. తరవాత ఒకరోజు నూలు దాదాపు ఆరిపోయి, ఇక తీద్దామనుకుంటుండగా లోపల టప్పున పేలి నీలం మెరుపు వచ్చింది. అన్న కరెంటు ఆపి తలుపు తెరిచేసరికి రెండు ఉండలు ఎర్రగా రాజుకుంటున్నాయట. తడిగోనె వేసి నొక్కేశాడు. వారం చివర్లో నేను ఇంటికెళ్లినప్పుడు వాడి కుడిచేతి వెంట్రుకలన్నీ మాడి చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అమ్మకి కనపడకుండా ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని చూస్తుంటే, "అరవమాక. చిన్న మెరుపే. పలకలకి మురికి పట్టిందంటున్నారు" అన్నాడు.

చెన్నై ఇంజనీరు మళ్లీ వచ్చి పలకలు తుడిపించాడు. సర్క్యూటు లెక్కలన్నీ చూసుకున్నాను, నిలకడగానే ఉంది, భయం లేదన్నాడు. అయినా మేనేజరు జాగ్రత్త మనిషి. మా పెద్దసారుకి ఫోను చేసి మీరూ ఒకసారి చూడండన్నాడు. పెద్దసారుకి అప్పుడే కంటి శుక్లాల ఆపరేషను అయింది, కట్టుతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. "మా అమ్మాయి చూస్తుంది" అని చెప్పేశాడట. అలా ఆ పని నా ఒళ్లో పడింది. యంత్రాన్ని గురువారం మధ్యాహ్నం మళ్లీ నడిపిస్తామనీ, ఈలోగా ఏదైనా ఉంటే చెప్పమనీ మేనేజరు కబురు. దాని ముందు నిలబడేది మా అన్నేనని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

నేను వాల్వునీ, కాయిళ్లనీ, కెపాసిటర్లనీ, పలకల మధ్య ఉన్న నూలునీ కూడా అంకెలుగా మార్చి కంప్యూటరులోకి ఎక్కించాను. ముందు చెన్నై ఆయన చేసిన పద్ధతే చేశాను. అందులో ఫీడ్‌బ్యాక్ దారిని ఒకచోట తెంచి, చిటికెడంత సంకేతం పంపి, అది తిరిగి ఎంతై వస్తుందో చూస్తాం. ఆ పద్ధతి కూత మొదలవుతుందా లేదా, ఏ శ్రుతిలో మొదలవుతుంది అనేంతవరకూ బాగా చెబుతుంది. ఆయన అన్నది నిజమే, అంతా సవ్యంగా ఉంది. కాని మొదలైన కూత పెరిగి పెద్దదయ్యాక ఎలా ప్రవర్తిస్తుందో ఆ పద్ధతికి తెలియదు. చంటిపిల్లని చూసి పెద్దయ్యాక ఎలాంటివాడవుతాడో చెప్పమన్నట్టే. అందుకని రెండో దారి పట్టాను. కాలాన్ని సన్న సన్న ముక్కలుగా కోసి, ముక్కముక్కకీ సర్క్యూటులో ఎంత వోల్టేజీ ఉందో కంప్యూటరు చేత లెక్క కట్టించడం. ఆ లెక్క కట్టడానికి మళ్లీ రెండు పద్ధతులున్నాయి. ఒకటి ట్రెపిజాయిడల్, ఇంకోటి బ్యాక్‌వర్డ్.

బ్యాక్‌వర్డ్ పద్ధతిలో నడిపితే గీత నెమ్మదిగా పెరిగి, ఒక ఎత్తుకి వచ్చి, బుద్ధిమంతుడిలా అక్కడే నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యతోనే లేచి ఇంటికి పోయి ఉండవచ్చు. కాని డ్రయ్యరులో మెరుపు వచ్చింది నూలు ఆరిపోతున్నప్పుడని అన్న చెప్పిన మాట గుర్తొచ్చి, తడి నూలు అంకె తీసి ఆరిన నూలు అంకె పెట్టాను. అప్పుడూ గీత నిమ్మళంగానే ఉంది. చివరికి ఊరికే, రెండో పద్ధతి కూడా చూద్దామని ట్రెపిజాయిడల్‌లో నడిపాను.

ఆ గీతని ఎలా చెప్పను? పెరిగింది, నిలవలేదు, ఇంకా పెరిగింది, ఉన్నట్టుండి కూలిపోయి చప్పగా అయింది, మళ్లీ లేచింది, ఈసారి ముందుకంటే ఎత్తుకి ఎగిసి మళ్లీ కూలింది. ఉబ్బసం మనిషి ఊపిరి తీస్తున్నట్టు. ఎగిసినప్పుడల్లా పలకల మీది వోల్టేజీ ఉండాల్సినదాన్ని దాటి పోతోంది. చుట్టూ తెలిసిన షాపే, పట్టపగలే, బయట సోడాబండి గంట వినిపిస్తోంది, అయినా కుర్చీని తెరకి దూరంగా జరుపుకున్నాను.

భయం ఒక్కటే అయితే సులువుగా ఉండేది. భయపెట్టిన పద్ధతినే నమ్మేస్తే సరిపోయేది. కాని ట్రెపిజాయిడల్‌కి ఒక చెడ్డపేరుంది, లేని ఊగులాటని ఉన్నట్టు చూపిస్తుందని. బ్యాక్‌వర్డ్‌కి దానికి ఎదురు పేరు, ఉన్న ఊగులాటని కూడా అణిచేసి లేనట్టు చూపిస్తుందని. ఒకటి అరిచే సాక్షి, ఒకటి నోరు మూసుకునే సాక్షి. ఎవరు నిజం చెబుతున్నారు? తప్పు సాక్షిని నమ్మితే ఒకవైపు మా అన్న ప్రాణం, ఇంకోవైపు ఆడపిల్ల భయపడి మిల్లు ఆపించిందన్న మాట.

పెద్దసారు ఇంటికి వెళ్లాను. కంటికట్టుతో వాలుకుర్చీలో ఉన్నాడు, ఆయనకి గీత చూపించడానికి లేదు. గాల్లో చెయ్యి ఆడిస్తూ చెప్పబోయి, ఆయనకి అదీ కనపడదని సిగ్గుపడి, నోటితోనే ఎక్కువా తక్కువా రాగం తీసి వినిపించాను. ఆయన భార్య వంటింట్లోంచి తొంగిచూసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కాలం ముక్క ఎంత పెట్టావమ్మా?" అన్నాడు.

చెప్పాను.

"లావైంది. బాగా సన్నం చెయ్యి. రెండు పద్ధతుల్లోనూ నడుపు. ఆ ఊగులాట అబద్ధమైతే ముక్క సన్నమయ్యేకొద్దీ పోతుంది. నిజమైతే..." అని ఆగిపోయి, చేత్తో కుర్చీ పట్టెని తడుముకుంటూ, "మీ అన్న ఆ సెక్షన్లోనే కదూ?" అన్నాడు.

"అవునండి."

"అయితే కంగారు పడకు. కంగారులో అంకెలు తప్పు కొడతావు."

కంగారు పడకుండా ఎలా ఉంటారో మాత్రం ఆయన చెప్పలేదు. ముక్క సన్నం చేస్తే లెక్క పెరుగుతుంది. ఇప్పుడు రెప్పపాటులో అయ్యే పని అప్పట్లో పూటంతా పట్టేది. గురువారం పొద్దున్నే ట్రెపిజాయిడల్ నడిపాను, గీత ముందులాగే ఊపిరి తీసింది, ఏం మారలేదు. బ్యాక్‌వర్డ్ మొదలుపెట్టాను. సగంలో ఉండగా కరెంటు పోయింది. లెక్కంతా గంగపాలు. మళ్లీ వచ్చాక మొదటినుంచీ మొదలుపెట్టి, ఫ్యాను ముందు ఆ పెట్టెని కూర్చోబెట్టి, నేను ఎదురుగా కూర్చున్నాను. నాకొచ్చిన ప్రార్థనలన్నీ చదివేశాను. ఏం కోరుకుంటున్నానో నాకే స్పష్టంగా లేదు. గీత నిమ్మళంగా ఉండాలనే కోరుకున్నాననుకుంటాను.

గీత మెల్లగా పెరిగింది. ఒక ఎత్తుకి వచ్చింది. నిలబడింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడు, ఆ నోరు మూసుకునే సాక్షి, చిన్నగా వణికి, ఇంకొంచెం ఎత్తుకి లేచి, కూలిపోయింది. మళ్లీ లేచింది. రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాయి. కొత్త వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలీని గ్రిడ్డంటారు, దాని దగ్గర పెట్టిన, కరెంటుని నింపుకునే కెపాసిటరు మరీ పెద్దది. కూత పెరిగినప్పుడు అది నిండిపోయి వాల్వు గొంతు నొక్కేస్తోంది, ఖాళీ అయ్యాక ఒక్కసారిగా వదిలేస్తోంది. అదంతా నూలు తడిగా ఉన్నంతసేపూ బయటపడదు. నూలు ఆరి, అగ్గిపుల్లకి అందేంత పొడిగా అయ్యాకే బయటపడుతుంది.

సందు చివర ఎస్టీడీ బూతుకి పరిగెత్తాను. మిల్లు లైను కలవలేదు. మళ్లీ తిప్పాను, గుమాస్తా ఎవరో ఎత్తి, మేనేజరు గారు లోపల ఉన్నారు, డ్రయ్యరు నడిపిస్తున్నారని చెప్పి, నేను మాట పూర్తిచేసేలోపు లైను కట్టయింది. మూడోసారి ప్రయత్నించకుండా బస్టాండుకి పోయి పేట బస్సెక్కాను. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ పీడకలలా వస్తుంది. రోడ్డుకి అటూ ఇటూ కళ్లాలనిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎర్రగా, ఎటు చూసినా ఎరుపే. ముందు పత్తిలారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించుకుని బస్సుకి దారివ్వదు. దాని తాళ్ల సందుల్లోంచి దూది పింజలు ఎగిరొచ్చి కిటికీలోంచి నా ఒళ్లో పడుతున్నాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఏం తల్లీ, ఎవరికైనా బాగాలేదా?" అని అడిగింది. పేట వైపు ఆకాశంలో పొగ ఉందా అని చూస్తున్నానని ఆమెకి ఎలా చెప్పను?

మిల్లులోకి అడుగు పెట్టేసరికి డ్రయ్యరు నడుస్తోంది. దాని పెద్ద గుంయ్ మనే మోత, పక్కన నూలు వడికే యంత్రాల హోరు. నలుగురు మనుషులు ట్రేలు సర్దుతున్నారు. మా అన్న తలుపు పక్కనే మీటరు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు, ఆ చొక్కా చేతులు మడుచుకుని. మీటరు ముల్లు నిలకడగా ఉంది. నూలింకా తడిగానే ఉందన్నమాట. వాడు తలతిప్పి నన్ను చూశాడు. చూడగానే మొహం పాలిపోయింది. అంత దూరంనుంచి, ఆ ఎండలో, చెమటలు కారుతూ నేనొచ్చానంటే వాడికి ఒకటే అర్థం తోచింది.

"నాన్నకేమైందే?" అన్నాడు.

"నాన్నకేం కాలేదు. మిషన్ ఆపెయ్."

"ఏంటి?"

"మిషన్ ఆపెయ్ అన్నా. నూలు ఆరకముందే ఆపెయ్."

వాడు ముల్లు వైపు చూశాడు, అది కదలడం లేదు. నా వైపు చూశాడు. "నిజంగా చూశావా?" అని అడిగాడు. చూశానన్నాను. వాడు ఎర్ర బటను నొక్కేశాడు. మోత ఆగిపోయింది.

మేనేజరు వచ్చాడు. "ఎవరాపారు?" అన్నాడు. "నేనే సార్" అన్నాడు అన్న, నా పేరు తియ్యకుండా. నేను ముందుకొచ్చి చెప్పాను, గుక్క తిప్పుకోకుండా, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో. ఆయన కోపం తెచ్చుకోలేదు, అదే ఇంకా కష్టమైంది. రుమాలుతో మెడ తుడుచుకుని, "చూడమ్మా, చెన్నై ఇంజనీరు అంత దూరం నుంచొచ్చి దీన్ని కళ్లారా చూసి బాగుందన్నాడు. నువ్వు యంత్రాన్ని ముట్టుకోకుండానే, కంప్యూటర్లో గీత చూసి భయపడి పరిగెత్తుకొచ్చావు. నేనెవర్ని నమ్మాలి?" అన్నాడు.

"నన్ను నమ్మొద్దండి" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. "నూలు మొత్తం తీయించెయ్యండి. దానికి బదులు తడిపిన గోనెలు పెట్టి, తలుపేసి, అందరం దూరంగా నిలబడి నడుపుదాం. గోనెలు ఆరేదాకా. ఏమీ కాకపోతే నేనే తప్పని మా సారుకి ఫోను చేసి చెప్పండి."

ఆయన సరే అన్నాడు. చుట్టుపక్కల నూలంతా బయటికి మోయించాడు, ఇసక బకెట్లు తెప్పించాడు. స్విచ్చి దగ్గర ఎవరో ఒకరు ఉండక తప్పదు. అన్న అక్కడికి నడిచాడు. నేను వద్దన్నాను. వాడు వినిపించుకోలేదు. మిగిలినవాళ్లం గోడవారకి పోయి నిలబడ్డాం.

యంత్రం మొదలైంది. ముల్లు కదల్లేదు. గోనెల్లోంచి ఆవిరి తలుపు సందుల్లోంచి సన్నగా వస్తోంది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. మనుషులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు, ఎవరో దగ్గారు, మేనేజరు గడియారం వైపు చూశాడు. నాకు అప్పుడు రెండు భయాలు. ఏమీ కాకపోతే అన్న ఉద్యోగం పోతుందన్న భయం. అవుతుందేమోనన్న భయం. మా అన్న నిలబడిన చోటునే చూస్తూ, దేవుడా, నేను తప్పయిపోనీ అనుకున్నాను. నా చదువూ నా గీతా అన్నీ తప్పయిపోనీ, వాణ్ణి మాత్రం ఇటు తీసుకురా.

ఆవిరి ఆగిపోయింది. గోనెలు ఆరాయి. మోత మారింది. గుంయ్ మనేది, గుం... గుం... అని తెగి తెగి రావడం మొదలుపెట్టింది. ముల్లు లేచి, పడి, లేచి, పడి. నేను నోటితో పెద్దసారుకి వినిపించిన రాగమే అది. నేను తెర మీద చూసినది బతికి వచ్చి నా ఎదురుగా ఊపిరి తీస్తోంది. "ఆపెయ్!" అని అరిచాను. అన్న చెయ్యి బటను మీద పడుతుండగానే లోపల తుపాకీ పేలినట్టు పేలింది. తలుపు అంచుల వెంట నీలం వెలుగు ఒక్కసారి చుట్టు తిరిగింది.

తరవాత మాడు వాసన. తలుపు తెరిస్తే గోనెలు మండుతున్నాయి. ఇసక పోశారు. అక్కడ నూలుంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది. ట్రేలు సర్దే ఒకాయన తలగుడ్డ విప్పి మొహం కప్పుకున్నాడు. మేనేజరు నా వైపు రాలేదు. అన్న దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. భయమెరగని మా అన్న నెమ్మదిగా గోడకి జారి, గచ్చు మీద చతికిలపడ్డాడు. నేను పక్కన కూర్చుంటే, ఎటో చూస్తూ, "చిన్నాన్న కూడా చివరికి ఇలాంటి మోతే విన్నాడంటావా?" అన్నాడు. అన్ని సంవత్సరాల్లో వాడి నోటివెంట చిన్నాన్న మాట రావడం అదే మొదలు. ఆ భయాన్ని వాడు నాకంటే ముందునుంచీ మోస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

పెద్దసారు కట్టు విప్పాక చిన్న కెపాసిటరు వేసి, దాని పక్క రెసిస్టరు మార్చి, నేనే మళ్లీ రెండు పద్ధతుల్లోనూ నడిపి చూశాకనే యంత్రాన్ని మళ్లీ నడిపించారు. ఆ తరవాత అది చాలా ఏళ్లు నడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాని సంగతుల్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి మిల్లులో కూడా అందరూ మరిచిపోయారు. పేలుడు జరిగిన ఆ సాయంత్రం అన్న నన్ను బస్సెక్కించడానికి వచ్చి, బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొని, పొట్లం నా చేతికి ఇవ్వబోతే జారి రెండు బజ్జీలు కిందపడ్డాయి. ఇద్దరం వాటికేసి చూశాం. అమ్మకి చెప్పకు అన్నాడు. చెప్పలేదు. అమ్మ పోయేదాకా చెప్పలేదు.

ఆ డ్రయ్యరు షెడ్డు ఇప్పుడు లేదు. మిల్లు చేతులు మారి, కొత్త యంత్రాలు వచ్చాయి, గాజు వాల్వులు చూసినవాళ్లే అరుదు. పెద్దసారు లేడు. ఆ తరవాత నేను హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేశాను, ఎన్నో సర్క్యూటుల నిలకడ తేల్చాను, మంచి యంత్రాల మీద, కరెంటు పోని గదుల్లో. అవి ఏ దేశంలో ఏ షెడ్డుకి వెళ్లాయో, వాటి ముందు ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు. తెలియదు కాబట్టి సుఖంగా నిద్రపోయాను. జీతంతో పాటు అది కూడా ఒక సౌకర్యమే అనుకునేదాన్ని. ఈ మధ్య అలా అనిపించడం లేదు. నేను చేసిన లెక్కలన్నిటిలోకీ మంచి లెక్క ఏదంటే, అంకె అంకెకీ వెనక ఒక మనిషి మొహం కనిపిస్తూ, భయం భయంగా చేసినదే. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు. అంత జాగ్రత్తగా మళ్లీ ఎన్నడూ ఉండలేదేమోనని, పగటివేళ ఊరికే కూర్చున్నప్పుడు, అనుమానం వస్తుంటుంది.